ఆరు పాలి చుక్కలు

కరోనాకు ముందు సంవత్సరం జూన్ మొదటి వారంలో, సూరత్‌లోని ఒక ధర్మాదాయ పశువైద్యశాలలో కొత్తగా తెరిచిన నేత్ర విభాగానికి నన్ను ఇన్‌చార్జిగా వేశారు. హోదా వెటర్నరీ ఆఫీసరు, గ్రేడ్ టూ. అంటే కత్తి పట్టుకోవచ్చు గాని, పెద్ద ఆపరేషన్ ఏదైనా చేయాలంటే చీఫ్ సర్జన్ సంతకం కావాలి. విభాగం అని గొప్పగా అంటున్నాను గాని అది నిన్నటిదాకా గడ్డి గోదాం. గోడలకు సున్నం వేసి, కిటికీలకు నల్ల తెరలు కట్టి, ఒక స్లిట్ ల్యాంపు, కంటి ఒత్తిడి కొలిచే టోనోమీటరు, ఒక డ్రెస్సరు ఇచ్చి, ఇక నడుపుకోండి అన్నారు. వాన పడితే గదంతా పాత గడ్డి వాసన వేసేది. కుక్కలకు అది పట్టేది కాదు గాని, ఆవరణలో తిరిగే ఆవులు మాత్రం తలుపు తెరిచి ఉంటే చాలు, కంటిలో ఏ జబ్బూ లేకుండానే లోపలికి వచ్చేసేవి.

నా సర్వీసులో ఎక్కువ భాగం గేదెల పురుళ్ళతోనే గడిచింది. మా ఆయన రైల్వే ఉద్యోగి. ఆయనకు సూరత్ బదిలీ అయినప్పుడు నేనూ ఇక్కడికి వచ్చి ఈ ఆసుపత్రిలో చేరాను. కంటి శస్త్రచికిత్స యాభై దాటాక నేర్చుకున్నాను. భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి అడ్డం తిరిగిన దూడను సరిచేసిన చేత్తోనే, తలవెంట్రుక కన్నా సన్నని దారంతో కుట్లు వేయాలి. నా చొక్కా గుండీ ఊడితే రెండు నెలలుగా కుట్టని దానివి, కుక్క కంటికి కుట్టేస్తావా అని మా ఆయన వేళాకోళం. గుండీ ఎవరైనా కుట్టుకోవచ్చు, మీకూ చేతులున్నాయి అన్నాను. ఆ గుండీ ఇప్పటికీ ఎవరూ కుట్టలేదు.

డ్రెస్సరు పేరు హంసాబెన్. అమ్రోలి నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. జంతువును కదలకుండా పట్టుకోవడం, మందులు అందించడం, గాయాలకు కట్లు కట్టడం డ్రెస్సరు పని. హంసాబెన్ 'బేస్' అందంటే ఎంత పొగరుబోతు కుక్కయినా కూర్చోవలసిందే. దాని యజమాని కూడా కూర్చునేవాడు.

వరాఛా నుంచి వజ్రాలు సానపట్టే వాళ్ళు తమ కుక్కల్ని తెచ్చేవారు. కంటి మీద ఎంతకీ మానని పైపై పుండు ఉంటే, దాని అంచుల్ని నున్నగా గీకడానికి మేము వజ్రపు పొడి అద్దిన చిన్న పరికరం వాడతాం. పేరు డైమండ్ బర్. ఒకాయన ఆ పేరు వినగానే జేబులోంచి భూతద్దం తీసి, కంటికి పెట్టుకుని, నా బర్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. 'మేడం, ఇది మా దగ్గర సాయంత్రం చీపురుతో ఊడ్చే సరుకు' అని తేల్చి, కుక్కను బల్లమీద పెట్టాడు. ఆ పూటకు నా గర్వం దిగింది.

లింగయ్య వచ్చింది జులైలో. యాభై అయిదేళ్ళు ఉంటాయి. భేస్తాన్‌లో ఉంటాడు, కోరుట్ల దగ్గరి పల్లె నుంచి వచ్చి పాతికేళ్ళు దాటింది, మరమగ్గాల షెడ్డులో పని. తువ్వాలను జోలెలా మెడకు కట్టుకుని, అందులో ఒక కుక్కను వేసుకుని వచ్చాడు. పొట్టి కాళ్ళు, పొడుగు ఒళ్ళు, వేలాడే చెవులు. డాష్‌హండ్ రక్తం సగం పైనే ఉంటుంది. ఎవరో పెంచుకుని, ఇల్లు మారుతూ షెడ్డు గేటు దగ్గర వదిలిపోయారట. అప్పటికే దాని ఎడమకన్ను ముడుచుకుపోయి ఉందట. దారం చుట్టే బాబిన్‌లా ఉందని దానికి బాబిన్ అనే పేరు పెట్టారు.

హంసాబెన్‌తో ఆయన విరిగిన హిందీలో ఏదో చెబుతున్నాడు. కుక్క గింజుకోగానే దాని చెవిలో, 'కదలకు బిడ్డా, జర ఆగు, అయిపాయె' అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. సూరత్‌లో తెలుగు వినపడితే నాకు ఆగదు. 'ఏటి, తెలుగోళ్ళా!' అన్నాను. ఆయన మొహం చాటంత అయింది. మాది బొబ్బిలి పక్క పల్లెటూరు. పాతికేళ్ళుగా ఎక్కడెక్కడో తిరిగినా నా మాట మారలేదు, మార్చుకోవాలనీ అనిపించలేదు. పేదవాడితో అతని భాషలో మాట్లాడే డాక్టరు నా అంత ఇంకెవరూ లేరని ఆ రోజుల్లో నాకో నమ్మకం ఉండేది.

'కుడికంట్ల పువ్వు పడ్డది డాక్టరమ్మా. ఏడాది సంది పెరుగుతున్నది. ఇప్పుడు నీళ్ళు కారుతున్నయి, ఎండల కన్ను తెరుస్తలేదు' అన్నాడు.

అది పువ్వు కాదు. కంటి ముందుండే గాజులాంటి పొరను కార్నియా అంటాం. దాని లోపలి వైపు ఒకే ఒక్క వరుస కణాలు ఉంటాయి. వాటి ఉద్యోగం నీళ్ళు తోడడం. కంటి లోపలి నీరు ఈ పొరలోకి ఊరుతూ ఉంటుంది, ఈ కణాలు దాన్ని తిరిగి లోపలికి తోడేస్తూ ఉంటాయి. వయసు మళ్ళిన కొన్ని కుక్కల్లో ఈ కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి, వాటి స్థానంలో కొత్తవి పుట్టవు. తోడేవాళ్ళు తక్కువైనప్పుడు పొర నీరుపట్టి ఉబ్బుతుంది. నీలం కలిసిన తెలుపుకు తిరుగుతుంది. ఉబ్బు ముదిరితే పైన సన్నని నీటి బుడగలు లేస్తాయి. అవి చిట్లిన చోట పుండు పడుతుంది. ఒకటి మానేలోగా ఇంకొకటి. పూర్తిగా నయం చేసే మందు లేదు. ఉబ్బును అదుపులో ఉంచాలి, పుండుకు చీము పట్టకుండా చూడాలి. యజమాని ఓపికను బట్టే వైద్యం.

పద్ధతి ప్రకారం ముందు ఒత్తిడి కొలిచాను. ఒత్తిడి పెరిగినా కన్ను ఇలాగే తెల్లబడుతుంది, ఆ వైద్యం వేరు. ఒత్తిడి మామూలుగానే ఉంది. తర్వాత రంగు కాగితం తడిపి కంటికి తాకించాను. ఫ్లోరసిన్ అనే ఈ నారింజరంగు మందు పుండు ఉన్న చోట మాత్రమే పట్టి, నీలి వెలుతురులో పచ్చగా మెరుస్తుంది. బాబిన్ కంటిలో పెసరగింజంత పచ్చ మెరిసింది. లోతు లేదు. మత్తు చుక్కలు వేసి, ఊడిపోతున్న అంచుల్ని దూదిపుల్లతో తుడిచి తీశాను. రెండు మందులు ఇచ్చాను. ఒకటి చీము పట్టకుండా యాంటీబయాటిక్, రెండోది గాఢమైన ఉప్పు ద్రావణం.

'కంట్ల ఉప్పా! ఏంది డాక్టరమ్మా గిట్లంటరు? పగోనికి గూడ వెయ్యం' అన్నాడు లింగయ్య.

మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే నీరు ఎలా ఊరి బయటికి వస్తుందో, ఉబ్బిన పొరలోంచి నీటిని ఈ ఉప్పు అలాగే లాగుతుందని చెప్పాను. ఆయన తృప్తిగా తలూపాడు. ఈ పోలిక నేనే కనిపెట్టానని నాకూ తృప్తిగానే ఉంది. ఆ ఊపులోనే, 'ఈ రెండు మందులూ ఆరేసి పాలి వెయ్యాలి. ఒకటి వేశాక పది నిమిషాలు ఆగి రెండోది. ఆరు పాలి, మర్చిపోకు. పదో రోజుకి మళ్ళీ తీసుకురా' అన్నాను. చీటీ మీద అదే సంగతి ఇంగ్లీషు పొడి అక్షరాల్లో రాశాను. అర్థమైందా అంటే, 'సమజైంది' అన్నాడు. హంసాబెన్ కుక్క మెడకు ప్లాస్టిక్ గంప తొడిగింది, కాలితో కన్ను గీరుకోకుండా.

పదో రోజుకి చెప్పిన వేళకి వచ్చాడు. పుండు పెసరగింజ నుంచి శనగబద్దంత అయింది. అంచుల్లో జిగురు. మందు వేశావా అని అడిగాను.

'వేసిన అమ్మా. మీరు చెప్పినట్టే. ఒక్కటి తప్పలే.'

సీసాలు చూపించమన్నాను. రెండూ దాదాపు నిండుగా ఉన్నాయి. పదిరోజులు చెప్పినట్టు వేసి ఉంటే అడుగంటాలి. నాకు ఒళ్ళు మండింది. మందు వేయకపోతే వేయలేదని చెప్పొచ్చు కదా, కుక్క మాట్లాడదని ధైర్యమా అని ఇంతెత్తున లేచాను. ఆయన కుక్క వీపు మీద చెయ్యి తీయకుండా, 'నేను అబద్ధం ఆడలే' అని ఒక్కటే మాటన్నాడు. దొరికిపోయిన వాళ్ళందరూ అదే అంటారు అనుకున్నాను. కేసు కాగితం మీద ఎర్ర సిరాతో ఎన్.సి. అని రాశాను. మేము చెప్పిన వైద్యం యజమాని చేయలేదని దానికి అర్థం. రెండే అక్షరాలు, రాయడం సులువు.

మళ్ళీ అంచులు శుభ్రం చేశాను, మందు మార్చాను. ఈసారి ఆయనే అడిగాడు: 'మల్ల ఆరు పాలీలేనా అమ్మా?'

'ఆరు పాలీలే! ఒక్కటి తగ్గిందా, కన్ను పోద్ది.'

'తగ్గది' అన్నాడు.

ఇద్దరం ఒకే మాటను ఇంత గట్టిగా ఒప్పుకున్నాక ఇంకేం అనుమానం ఉంటుంది?

వారం తిరిగేసరికి ఆయన గడువుకు ముందే వచ్చాడు. కుక్క తువ్వాలలోంచి తల బయట పెట్టలేదు. రంగు వేసి చూశాను. పుండు చుట్టూ పచ్చని ఉంగరం, నడుమ నల్లని చుక్క. ఈ రంగు కార్నియా మాంసానికి పడుతుంది గాని, అన్నిటికన్నా లోపలి పొరకు పట్టదు. నడుమ నల్లగా ఉందంటే అక్కడ మిగిలింది ఆ ఆఖరి పొర ఒక్కటే. ఉల్లిపొర కన్నా పల్చన. గట్టిగా తుమ్మితే పగలొచ్చు.

మా చీఫ్ సర్జన్‌ను అందరూ మోటా సాహెబ్ అనేవారు. మోటా అంటే పెద్ద. మనిషి మాత్రం బక్కపలుచన. ఆయన వచ్చి స్లిట్ ల్యాంపులో చూసి, కాగితం తిరగేసి, ఎర్ర అక్షరాలు చూశారు. ఈ రోజుతో కలిపి రెండు ఎన్.సి.లు కదా అన్నారు. అవునన్నాను. రెండోసారి ఇచ్చిన సీసాలు కూడా నిండుగానే ఉన్నాయి మరి. రెండు ఎన్.సి.లు పడ్డ కేసుకు కన్ను నిలబెట్టే ఆపరేషన్ చేయకూడదని ఆయన నియమం. అది కఠినంగా కనిపిస్తుంది గాని తప్పని చెప్పలేను. ఆ ఆపరేషన్ తర్వాత వారాల తరబడి వేళ తప్పకుండా మందు పడాలి. పడకపోతే కుట్లు ఊడి, కన్ను పగిలి, జంతువు పడే నరకం ఇంతా అంతా కాదు. దాని కన్నా కన్ను తీసేస్తే నొప్పి ఒక్కసారితో పోతుంది. మరునాడు పొద్దున్నే కన్ను తొలగించడానికి ఆపరేషన్ జాబితాలో రాసి, యజమాని సంతకం తీసుకోమని నాకు చెప్పి వెళ్ళిపోయారు.

నేను లింగయ్యకు విషయం చెప్పాను. నింపాదిగా చెప్పానని అనుకుంటాను, అందులో నీ పాపం నీదే అన్న ధ్వని ఉండే ఉంటుంది. ఆయన కాగితం ముట్టుకోలేదు.

'ఒక కన్ను ముందుగాలనే పాయె. ఇది గూడ తీస్తే ఇగ ఏముంటది దానికి? సూరత్ల నా మొఖం చూసి లేసే పానం ఇదొక్కటే డాక్టరమ్మా. సూపు లేకుంటే ఏం జూసి లేస్తది?' అన్నాడు. ఆ తర్వాత ఆయనకు కోపం వచ్చింది. అంతవరకు నేను చూడని కోపం. 'మీరు ఆరు పాలీలన్నరు, ఆరు వేసిన. మల్ల ఆరన్నరు, మల్ల వేసిన. పన్నెండు పాలీలు. ఒక్కటి తప్పితే నా చెయ్యి నరుకుండ్రి!'

చొక్కా జేబులోంచి మా ఆసుపత్రి చీటీ తీసి బల్లమీద పెట్టాడు. దాని వెనక పెన్సిల్‌తో గళ్ళు గీసి ఉన్నాయి. ఒక గడిలో ది, పక్క గడిలో రా, మళ్ళీ ది, మళ్ళీ రా. ఒక్కో గడిలో ఒక్కో గీత. హంసాబెన్‌కు తెలుగు అక్షరాలు రావు, ఇదేమిటని హిందీలో అడిగింది. దిన్ పాలి, రాత్ పాలి అని ఆయన వేలితో చూపించాడు.

'పాళీకి ఒకసారా? అలా వేయమని ఎవరు చెప్పారు?' అంది హంసాబెన్.

ఆయన వేలు నా వైపు తిరిగింది.

మా వైపు పాలి అంటే సారి. ఓపాలి రా, రెండుపాలీలు చెప్పాను, ఇలా పుట్టినప్పటి నుంచీ నా నోట్లో నానిన మాట. లింగయ్య ఊళ్ళో సారి అనో పారి అనో అంటారట, పాలి అనరట. ఆయనకు పాలి అంటే సూరత్‌కు వచ్చాక నేర్చుకున్న మాట. మగ్గాల షెడ్డులో పన్నెండు గంటల డ్యూటీ. గుజరాతీలో పాళీ, హిందీలో పాలీ. పగటి డ్యూటీ దిన్ పాలి, రాత్రి డ్యూటీ రాత్ పాలి. పాతికేళ్ళుగా ఆయన బతుకంతా ఆ మాట మీదే నడిచింది. డాక్టరమ్మ ఆరు పాలి అంటే, ఆరు షిఫ్టులు, షిఫ్టుకొకసారి అనుకున్నాడు. రోజుకు రెండు షిఫ్టులు, మూడు రోజుల మందు. అన్ని ఆసుపత్రుల్లోనూ మూడు రోజులకే కదా ఇస్తారు. రోజుకు ఆరుసార్లు అని నేను అని ఉంటే పాలి దగ్గర మెలిక పడ్డా తట్టుకునేవాడేమో. రోజుకు అనే మాట నేను ఒక్కసారి కూడా అనలేదు. అది అందరికీ తెలిసిందే అనుకున్నాను.

అక్కడితో అయిపోలేదు. డ్యూటీలో ఉన్న పాలిలో మందు ఎలా వేశావని అడిగాను. మరమగ్గాలను వాళ్ళు సాంచాలు అంటారు. 'తిండి టైమ్‌ల సాంచాలు పక్కోనికి ఒప్పజెప్పి, సైకిల్ మీద రూంకు వొయ్యి ఏసొచ్చిన' అన్నాడు. మరి తిండి? 'ఆరు పాలీలే గదా, ఏమైతది' అన్నాడు. రూములో తనతో పాటు రాత్రి డ్యూటీ వాళ్ళు ముగ్గురు ఉంటారన్నాడు. పగలు వాళ్ళు అక్కడే పడుకుని ఉంటారు కదా, వాళ్ళకు చెప్పొచ్చు కదా అంటే, 'పండుకున్నోళ్ళను ఎట్ల లేపుడు అమ్మా? నిద్రొక్కటే గదా వాళ్ళది' అన్నాడు.

హంసాబెన్ ముందు నవ్వింది, తర్వాత మొహం తిప్పుకుంది. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. సిగ్గేసింది. అన్నం మానుకుని సైకిలు తొక్కి చుక్కలు వేసినవాణ్ణి పట్టుకుని, ఎర్ర సిరాతో నిర్లక్ష్యం అని రాసినదాన్ని నేను. వెళ్ళి మోటా సాహెబ్ గది తలుపు కొట్టాను.

ఆయన ఎక్స్‌రేలు చూస్తున్నారు. ఆ రెండు ఎన్.సి.లు యజమానివి కావు, నావి అని చెప్పాను. పాలి సంగతి వివరించాను. ఆయన రెండుసార్లు మళ్ళీ చెప్పించుకున్నారు, అర్థం కాక కాదు, బాగుందని. చివరకు, 'మీ తెలుగువాళ్ళకు మీ తెలుగు కన్నా మా గుజరాతీయే బాగా తెలుసన్నమాట' అన్నారు. అనిపించుకున్నాను. జాబితాలో కన్ను తొలగింపు కొట్టేసి ఫ్లాప్ ఆపరేషన్ అని రాశారు. అయితే ఒక షరతు పెట్టారు: చేసేది మీరు, మైక్రోస్కోపు అవతల నేను కూర్చుంటాను, తర్వాతి మందుల బాధ్యత ఆ మనిషిది కాదు, మీది.

కంటి తెల్లగుడ్డు మీద కదిలే పల్చని పొర ఒకటి ఉంటుంది. ఆపరేషన్‌లో దాన్నే సన్నని నాలుకలా కోసి, ఒక కొసను అలాగే ఉంచి, రెండో కొసను తెచ్చి పుండు మీద కప్పి కుట్టాలి. ఆ పొరలో రక్తనాళాలు ఉంటాయి. పుండుకు ఆహారం అందుతుంది, ఉబ్బులోని నీటిని కూడా అవి కొంత లాగేస్తాయి. పొర బిగువుగా ఉంటే కుట్లు తెగుతాయి, వదులుగా ఉంటే అతుక్కోదు. కప్పినంత మేర చూపు పోతుంది కనుక ఎంత తక్కువ కప్పితే అంత మంచిది. ఎనిమిది కుట్లు వేశాను. మూడో కుట్టు దగ్గర సూది లోతుగా దిగబోతుంటే మోటా సాహెబ్ గొంతు సవరించారు. అంతే, ఇంకేం అనలేదు. చెయ్యి వెనక్కి తీసి మళ్ళీ వేశాను. బయటికి వచ్చేసరికి నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

మందులు రోజుకు ఆరుసార్లు, మూడు వారాలు. ఈసారి నేను చెప్పలేదు. గడియారం చూపించి, ఎప్పుడెప్పుడు ఎవరు వేస్తారో మీరే చెప్పండి అన్నాను. అంతకుముందు నువ్వు అనేదాన్ని, ఆ రోజు నోటికి మీరు వచ్చింది. పగటి డ్యూటీలో ఉండి రోజుకు ఆరుసార్లు సైకిలు తొక్కడం అయ్యే పని కాదని ఆయనకూ తెలుసు. రూమోళ్ళను అడిగి చెప్తానన్నాడు. అంతవరకు బాబిన్‌ను వార్డులోనే ఉంచుకుని మందులు మేమే వేశాం.

షెడ్డు సెలవు రోజున నలుగురు వచ్చారు. లింగయ్య, ఆయన రూములో రాత్రి డ్యూటీ చేసే ముగ్గురు. గడ్డం మాసిన, నిద్ర చాలని ముగ్గురు మగవాళ్ళు హంసాబెన్ ముందు వరసగా నిలబడి, కింది రెప్ప లాగి, సీసా కంటికి తగలకుండా చుక్క వేయడం ఒక్కొక్కరే చేసి చూపించారు. ఒకాయన వేసిన చుక్క కుక్క ముక్కు మీద పడింది. ఆమె బేస్ అంది. ఆయన కూర్చుని, మళ్ళీ లేచి, సరిగ్గా వేశాడు. వాళ్ళ లెక్క వాళ్ళే చెప్పారు. పొద్దున ఆరున్నరకి డ్యూటీకి పోయేముందు లింగయ్య. పది, ఒంటిగంట, నాలుగు, ఈ మూడు వేళలకూ రాత్రి డ్యూటీ వాళ్ళు ఒక్కొక్కరు. సాయంత్రం ఏడున్నరకీ, రాత్రి పదిన్నరకీ మళ్ళీ లింగయ్య.

'ఒక్కొక్కడు ఒక్క పారి లేస్తే ఎవ్వని నిద్ర చెడది' అన్నాడు వాళ్ళలో పెద్దాయన. 'గీ లింగన్న ముందే చెప్తే అయిపోవు. అడగనీకి నామోషీ.' లింగయ్య కుక్క చెవులు సర్దాడు.

మా ఆసుపత్రిలో ఏ వార్డుకూ అంతమంది నర్సులు లేరు. మూడు వారాల్లో ఒక్క వేళ తప్పలేదు. ఈసారి సీసాలు అయిపోయి మధ్యలో రెండుసార్లు కొత్తవి ఇవ్వవలసి వచ్చింది. ఖాళీ సీసా చూసి అంత సంతోషించడం నా సర్వీసులో అదే మొదటిసారి.

మూడు వారాల తర్వాత రంగు వేస్తే పచ్చ ఎక్కడా మెరవలేదు. పుండు మానింది. పైన గులాబీ రంగు మచ్చ మిగిలింది. ఉబ్బు పూర్తిగా పోలేదు, పోదు కూడా. ఉప్పు చుక్కలు బతికినన్నాళ్ళూ వేయాలని చెప్పాను. చూపు పరీక్షకు మాకు ఖరీదైన పరికరాలేమీ లేవు. దూది ఉండను కుక్క ముందు గాలిలోంచి జారవిడుస్తాం. దూది పడితే చప్పుడు కాదు, వాసన ఉండదు. తల తిప్పిందంటే చూసినట్టే. బాబిన్‌ను బల్లమీద కూర్చోబెట్టి దూది వదిలాను. అది తల కదపలేదు. ఇంకొకటి వదిలాను. కదపలేదు. మచ్చ ఉన్నది పైభాగంలో కదా, కింది నుంచి చూడాలని హంసాబెన్ గుర్తు చేసింది. మూడో ఉండను బల్ల అంచు మీద దొర్లించాను. బాబిన్ మెడ వంచి దానితో పాటే చూపు నడిపి, అంచు దాకా వెళ్ళి, నోటితో పట్టుకుని మింగేసింది. లింగయ్య నవ్వుతూనే ఏడ్చాడు. నేను దూది కక్కించే పనిలో పడ్డాను కనుక నా సంగతి ఎవరూ గమనించలేదు.

కేసు కాగితంలో రాసినది చెరపకూడదు. తప్పుంటే ఒకే గీతతో, కింద అక్షరాలు కనిపించేలా కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. నేను రెండు ఎన్.సి.లనూ అలాగే కొట్టి, 'మందు ఎన్నిసార్లు వేయాలో వైద్యురాలు స్పష్టంగా చెప్పలేదు' అని రాశాను. మోటా సాహెబ్ దాని కింద తన సంతకం పెట్టారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను ఎవరినీ అర్థమైందా అని అడగలేదు. ఆ ప్రశ్నకు జవాబు ఒకటే ఉంటుంది, దానివల్ల ఏమీ తెలియదు. ఇంటికి వెళ్ళి ఏం చేస్తారో చెప్పండి అని అడిగేదాన్ని. గుజరాతీవాళ్ళు, ఒడియావాళ్ళు, తెలుగువాళ్ళు, చదువుకున్న ఫ్లాటు యజమానులు, చదువులేని కూలీలు, చాలామంది తప్పు చెప్పేవారు. తప్పు చెప్పినప్పుడల్లా మళ్ళీ చెప్పేదాన్ని. ఒక్కో కేసుకు అయిదు నిమిషాలు ఎక్కువ పట్టేది. ఎన్.సి. రాయడానికి ఎర్ర సిరా పెన్ను మళ్ళీ తీయవలసిన పని దాదాపుగా రాలేదు.

అంతకుముందు ఎన్ని కాగితాల మీద ఆ రెండు అక్షరాలు రాశానో నాకు గుర్తు లేదు. వాటిలో కొన్ని కళ్ళను మేము తీసేశాం.